ట్రాన్స్‌జెండర్ ఉద్యోగుల హక్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకే ప్రశ్నలు ఫోన్లో, వాట్సాప్‌లో, మీటింగ్ అయిపోయాక మెట్ల దగ్గర నిలబడి అడుగుతూనే ఉన్నారు. అడిగేవాళ్లలో ఉద్యోగం వెతుక్కుంటున్న ట్రాన్స్ పిల్లలున్నారు, హెచ్‌ఆర్ వాళ్లున్నారు, తన టీమ్‌లో ఒకరు జెండర్ మారుతున్నారు, ఏం చేయాలో తెలియట్లేదని గాభరా పడే మేనేజర్లూ ఉన్నారు. చెప్పిందే చెప్పడం కన్నా రాసిపెడితే నయం అనిపించింది. నేను లాయర్‌ని కాదు, ఈ పనిలో తిరిగి నేర్చుకున్నదే రాస్తున్నాను. మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడే చదవండి, వరుసగా చదవక్కర్లేదు.

## మొదట అడిగేవి

ట్రాన్స్‌జెండర్ వాళ్లకి ఉద్యోగంలో రక్షణ ఇచ్చే చట్టం అసలు ఉందా?

ఉంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల (హక్కుల పరిరక్షణ) చట్టం, 2019. 2019 నవంబర్ 26న రాజ్యసభ దాటి, 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. నియమాలు అదే ఏడాది సెప్టెంబర్‌లో వచ్చాయి. ఉద్యోగానికి సంబంధించి గుర్తుపెట్టుకోవాల్సిన నంబర్లు మూడే. సెక్షన్ 3 ప్రకారం ట్రాన్స్ వ్యక్తి అని ఉద్యోగం ఇవ్వకపోవడం, ఉన్న ఉద్యోగం తీసేయడం, పనిలో అన్యాయంగా చూడటం నిషేధం. సెక్షన్ 9 ఉద్యోగంలోకి తీసుకోవడం, ప్రమోషన్, ఇంకా దానికి సంబంధించిన ఏ విషయంలోనూ వివక్ష చూపకూడదంటుంది. సెక్షన్ 11 ప్రకారం ప్రతి సంస్థా ఫిర్యాదులు తీసుకోవడానికి ఒక మనిషిని, అంటే కంప్లైంట్ ఆఫీసర్‌ని నియమించాలి. చాలామంది హెచ్‌ఆర్ వాళ్లకు ఈ మూడోది ఉందనే తెలియదు. మీరు చెబితే ఆశ్చర్యపోతారు.

2014 సుప్రీంకోర్టు తీర్పు అంటారు, 2019 చట్టం అంటారు. రెండూ ఒకటేనా?

కాదు. 2014 ఏప్రిల్ 15న జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె. సిక్రీ ఇచ్చిన తీర్పును నాల్సా తీర్పు అంటారు. కేసు వేసింది జాతీయ న్యాయ సేవల సంస్థ, దాని ఇంగ్లిషు పేరు పొట్టి రూపమే నాల్సా. మగ, ఆడ, థర్డ్ జెండర్, ఇందులో తాను ఎవరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని, రాజ్యాంగంలోని 14, 15, 16, 19, 21 అధికరణాలు ట్రాన్స్ వాళ్లకూ వర్తిస్తాయని ఆ తీర్పు చెప్పింది. మన ప్రాంతంలోని శివశక్తులనే ట్రాన్స్ సముదాయం ప్రస్తావన కూడా అందులో ఉంది. 2019 చట్టం తర్వాత పార్లమెంటు చేసింది. తీర్పు ఇచ్చినంత చట్టం ఇవ్వలేదన్నది ఉద్యమంలో ఉన్నవాళ్ల కోపం, ముఖ్యంగా రిజర్వేషన్ విషయంలో. కానీ ప్రైవేటు యజమానికి నేరుగా బాధ్యత పెట్టింది మాత్రం చట్టమే, కాబట్టి ఆఫీసులో వాదించేటప్పుడు ముందు దాన్నే చూపించండి.

మా కంపెనీ ప్రైవేటు, అదీ చిన్నది. మాకు వర్తించదంటున్నారు, నిజమేనా?

నిజం కాదు. చట్టంలో 'సంస్థ' అన్న మాటకు ఇచ్చిన అర్థం చాలా పెద్దది: ప్రభుత్వ శాఖలు, కంపెనీలు, ఫర్మ్‌లు, సహకార సంఘాలు, ట్రస్టులు, ఏజెన్సీలు, విద్యాసంస్థలు అన్నీ అందులోకి వస్తాయి. 2016లో ప్రభుత్వం తెచ్చిన బిల్లులో కంప్లైంట్ ఆఫీసర్ వందమంది, అంతకు మించి ఉన్న సంస్థలకే అని రాశారు. 2019లో ఆ లెక్క తీసేసి 'ప్రతి సంస్థ' అని పెట్టారు. కాబట్టి మేం ఇరవైమందిమే అనే జవాబు చెల్లదు.

హిజ్రా సముదాయంలో ఉంటేనే ట్రాన్స్‌జెండర్ కిందికి వస్తారా? ట్రాన్స్ మగవాళ్ల సంగతేంటి?

2019లో ఆమోదించిన నిర్వచనంలో ట్రాన్స్ పురుషులు, ట్రాన్స్ మహిళలు, ఇంటర్‌సెక్స్ తేడాలు (పుట్టుకతోనే శరీరం మగ, ఆడ అనే మామూలు లెక్కలో ఇమడకపోవడం) ఉన్నవాళ్లు, మగ, ఆడ అనే రెండు గడుల్లో తమను పెట్టుకోని జెండర్ క్వీర్ వ్యక్తులు, హిజ్రా, కిన్నర్, అరవాణి, జోగ్తా లాంటి సముదాయాల వాళ్లు అందరూ ఉన్నారు. సర్జరీ చేయించుకున్నా, లేకపోయినా అని కూడా స్పష్టంగా రాశారు. కానీ ఆఫీసుల్లో 'ట్రాన్స్‌జెండర్' అనగానే సిగ్నల్ దగ్గర చూసిన మనిషి ఒక్కరే గుర్తొస్తారు. అమ్మాయి పేరుతో సర్టిఫికెట్లు ఉండి గడ్డంతో ఇంటర్వ్యూకి వచ్చిన కుర్రాడు ఎవరికీ తట్టడు, అతనికీ తన హక్కుల గురించి ఎవరూ చెప్పరు.

గే, లెస్బియన్ ఉద్యోగులకు కూడా ఈ చట్టమేనా?

కాదు, ఇది జెండర్ గుర్తింపు గురించిన చట్టం. ఎవరిని ప్రేమిస్తారన్నది వేరే విషయం. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు సెక్షన్ 377 మీద ఇచ్చిన తీర్పుతో పెద్దవాళ్ల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది, రాజ్యాంగ రక్షణ ఉంది. కానీ ప్రైవేటు ఉద్యోగంలో వాళ్లకంటూ ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు.

మా కంపెనీ హెడ్డాఫీసు అమెరికాలో ఉంది. అక్కడి చట్టం నాకు పనికొస్తుందా?

హైదరాబాద్‌లో పనిచేసే భారతీయ ఉద్యోగికి భారత చట్టమే. అక్కడి చట్టం అక్కడ పనిచేసేవాళ్లకు, బయట అమెరికన్ కంపెనీల్లో పనిచేసే అమెరికా పౌరులకు వర్తిస్తుంది. మీకు పనికొచ్చేది కంపెనీ ప్రపంచమంతా ఒకేలా పెట్టుకున్న ప్రవర్తనా నియమావళి. దాంట్లో జెండర్ ఐడెంటిటీ అనే మాట ఉంటే, ఫిర్యాదులో ఆ లైను ఎత్తి రాయండి.

అక్కడి కథ మాత్రం తెలుసుకోదగ్గదే. 2007లో ఉద్యోగ వివక్ష నిషేధ బిల్లు వచ్చినప్పుడు, ట్రాన్స్ వాళ్లను కలిపితే ఓట్లు రావని వాళ్లను పక్కనపెట్టి, గే, లెస్బియన్ ఉద్యోగుల వరకే ప్రతినిధుల సభలో 235–184తో నెగ్గించుకున్నారు. మీ వంతు తర్వాత అన్నారు. అదీ చట్టం కాలేదు. 2013లో అందర్నీ కలిపిన బిల్లు సెనెట్‌లో 64–32తో నెగ్గినా ప్రతినిధుల సభలో ఆగిపోయింది. చివరికి 2020 జూన్ 15న అక్కడి సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో, 1964 పౌరహక్కుల చట్టంలోని 'సెక్స్' అన్న మాటలోనే ఇది ఉందని తేల్చింది. ఆ కేసుల్లో ఒకటి, ఆడమనిషిగా పనికి వస్తానని చెప్పినందుకు అంత్యక్రియల సంస్థ తీసేసిన ఏమీ స్టీఫెన్స్‌ది. తీర్పు రావడానికి నెల ముందే ఆమె చనిపోయింది.

## ఉద్యోగానికి అప్లై చేసేటప్పుడు

ఇంటర్వ్యూలో నేను ట్రాన్స్ అని చెప్పాలా?

చెప్పాలని ఏ చట్టమూ అనలేదు. చెప్పకపోవడం మోసం కాదు. అయితే డాక్యుమెంట్ల పరిశీలన దగ్గర పాత పేరు బయటపడే పరిస్థితి ఉంటే, ఆఫర్ చేతికొచ్చాక, చేరకముందే, హెచ్‌ఆర్‌లో ఒక్కరికే మెయిల్‌లో చెప్పడం మంచిదని నా అనుభవం. నోటిమాటగా చెబితే రేపు 'మాకు తెలియదు' అంటారు. ఇంటర్వ్యూలో శరీరం గురించి, సర్జరీ గురించి అడిగితే 'ఈ ఉద్యోగానికి దానితో ఏం సంబంధమో చెప్పండి' అని మర్యాదగానే అడగండి. ఇంటికొచ్చాక ఆ ప్రశ్న, అడిగినవాళ్ల పేరు, తేదీ రాసుకోండి.

అప్లికేషన్లో మగ, ఆడ రెండే ఉన్నాయి. ఏది నొక్కాలి?

మీ ఆధార్‌లో, పాన్‌లో ఏముందో అదే నొక్కితే తర్వాత తలనొప్పి తక్కువ. రెండూ మీకు సరిపోకపోతే గడువు ముగియకముందే నియామక సంస్థకు రాతపూర్వకంగా రాయండి, గడువు దాటాక వేసిన కేసు బలహీనపడుతుంది. కేంద్ర సిబ్బంది శాఖ 2020 ఏప్రిల్‌లోనే పరీక్షల నియమాల్లో థర్డ్ జెండర్ అనే గడి చేర్చమని అన్ని మంత్రిత్వ శాఖలకూ చెప్పింది. తమిళనాడులో ప్రితికా యాషిని ఎస్‌ఐ పోస్టుకు అప్లై చేస్తే ఫారంలో ఆమెకు గడే లేదు. ఆమె మద్రాస్ హైకోర్టు చుట్టూ తిరిగి 2015లో అనుకూలంగా తీర్పు తెచ్చుకుంది, తర్వాత ఎస్‌ఐ అయింది. ఒక్క గడి కోసం అంత తిరగాల్సి వచ్చింది.

సర్టిఫికెట్లలో పాత పేరు ఉంది, ఇప్పుడు వేరే పేరు. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో పోతుందా?

పోనక్కర్లేదు. పాత పేరుకీ కొత్త పేరుకీ మధ్య ఒక కాగితం వంతెనలా ఉండాలి, అంతే: ప్రభుత్వ గెజిట్‌లో పేరు మార్పు ప్రకటన గానీ, కలెక్టర్ ఇచ్చిన ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం గానీ. అది చూపించి ముందు ఆధార్ మార్పించుకోండి, తర్వాత పాన్, బ్యాంకు. పీఎఫ్ ఖాతా ఆధార్‌తో సరిపోవాలి కాబట్టి ఈ వరుస తప్పితే డబ్బు తీసుకునేటప్పుడు ఇరుక్కుంటారు. పదో తరగతి మెమో మార్చుకోవడం అన్నిటికన్నా ఆలస్యం, దానికోసం ఆగి ఉద్యోగం వదులుకోవద్దు. పరిశీలన చేసే ఏజెన్సీకి పాత పేరు చెప్పక తప్పదు, కానీ అది మీ టీమ్‌కి చేరకూడదని మెయిల్‌లో రాయండి.

కలెక్టర్ సర్టిఫికెట్ లేకపోతే హక్కులు ఉండవా?

సెక్షన్ 9 చదవండి, 'సర్టిఫికెట్ ఉన్నవారి పట్ల' అని అందులో లేదు. 'ఏ ట్రాన్స్‌జెండర్ వ్యక్తి పట్లా' అనే ఉంది. అయినా కాగితం చేతిలో ఉంటే వాదన తేలికవుతుంది. ప్రభుత్వ పథకాలకు, డాక్యుమెంట్ల మార్పుకు అది కావాల్సిందే. 2020 నియమాలు రాసినప్పుడు అఫిడవిట్ చాలు, వైద్య పరీక్ష అక్కర్లేదు అన్నారు, అప్లికేషన్ కోసం అదే ఏడాది నవంబర్‌లో జాతీయ పోర్టల్ తెరిచారు. గుర్తింపు ఎవరివ్వాలి, ఎలా ఇవ్వాలి అన్నదాని మీద మొదటి నుంచీ గొడవ నడుస్తూనే ఉంది. అందుకే పాత వీడియోలు చూసి బయల్దేరకుండా, అప్లై చేసే రోజున పోర్టల్‌లో ఏ పద్ధతి ఉందో అదే చూడండి.

ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఉందా?

దేశమంతటికీ ఒకే రిజర్వేషన్ లేదు. నాల్సా తీర్పు ట్రాన్స్ వ్యక్తులను సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడినవారిగా చూసి రిజర్వేషన్ ఇవ్వమంది, 2019 చట్టం ఆ ఊసే ఎత్తలేదు. కర్ణాటక 2021లో ఒక శాతం ఇచ్చింది, అదీ అడ్డంగా. అంటే ఎస్సీ, ఎస్టీ, బీసీ, జనరల్ ప్రతి కేటగిరీలోనూ ట్రాన్స్ వాళ్లకు ఒక శాతం. నిలువుగా, అంటే అందర్నీ కలిపి బీసీ జాబితాలో పెడితే, దళిత ట్రాన్స్ మహిళ తన కులం కోటా వదులుకోవాలా, జెండర్ కోటా వదులుకోవాలా అనే పిచ్చి ప్రశ్న వస్తుంది. అందుకే ఉద్యమం అడిగేది అడ్డం రిజర్వేషన్. మీ రాష్ట్రంలో, మీరు రాసే పరీక్షకు ఏముందో నోటిఫికేషన్‌లోనే చూసుకోండి.

ఆఫర్ ఇచ్చి, ట్రాన్స్ అని తెలిశాక వెనక్కి తీసుకున్నారు. ఏమైనా చేయొచ్చా?

చేయొచ్చు, ఇప్పుడు మీ చేతిలో ఒక గట్టి తీర్పు ఉంది. జేన్ కౌశిక్ అనే టీచర్ రెండు రాష్ట్రాల్లోని ప్రైవేటు బడుల్లో ఇలాగే ఉద్యోగాలు పోగొట్టుకుని సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2025 అక్టోబర్ 17న జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ ఆమెకు నష్టపరిహారం ఇప్పించారు. ఒక బడి నుంచే కాదు, చట్టాన్ని అమలు చేయకుండా కూర్చున్నందుకు కేంద్రం నుంచి, రెండు రాష్ట్ర ప్రభుత్వాల నుంచి కూడా, తలా 50 వేలు. డబ్బు చిన్నదే. కానీ ఏమీ చేయకపోవడం కూడా వివక్షేనని ప్రభుత్వాలకు చెప్పడం మామూలు విషయం కాదు. సమాన అవకాశాల విధానం తయారుచేయడానికి జస్టిస్ ఆశా మీనన్ అధ్యక్షతన కమిటీ కూడా వేశారు. మీ పని: ఆఫర్ లెటర్, రద్దు మెయిల్, ఈ రెంటి మధ్యలో వాళ్లకు మీ గురించి ఎప్పుడు, ఎలా తెలిసిందో చూపే మెసేజ్. ఈ మూడూ ఉంటే కేసు నిలబడుతుంది. రద్దుకు కారణం రాతపూర్వకంగా అడగండి, జవాబివ్వకపోయినా ఆ మౌనం మీకు సాయమే.

## చేరాక

ఏ బాత్రూంకి వెళ్లాలి?

ఈ ప్రశ్న అడగని ఆఫీసు లేదు, ఇద్దరు మనుషులు కలిసి పనిచేయడంలో ఇదే పెద్ద సమస్య అయినట్టు. మీ జెండర్ ఏదో ఆ బాత్రూంకే. 2020 నియమాల ప్రకారం సంస్థ తన సమాన అవకాశాల విధానంలో యూనిసెక్స్ టాయిలెట్లు లాంటి వసతులు, రవాణా, భద్రత, పరిశుభ్రత సామగ్రి గురించి రాయాలి. యూనిసెక్స్ టాయిలెట్ అంటే కోట్లు ఖర్చు కాదు, లోపల గడియ ఉన్న ఒక గది తలుపు మీద బోర్డు మార్చడం. కానీ అది ఇంకో దారిగా ఉండాలి. 'నువ్వు నాలుగో అంతస్తు చివరున్న దానికే వెళ్లు' అని ఒక్క మనిషికి ఆర్డర్ వేస్తే అది వసతి కాదు, వెలి. నాకు తెలిసిన ఒకమ్మాయి షిఫ్ట్ అంతా నీళ్లు తాగకుండా ఉండి, యూరిన్ ఇన్ఫెక్షన్‌తో నెలలో రెండుసార్లు సెలవు పెట్టింది. మేనేజర్ ఆమెకు హాజరు సరిగ్గా లేదని మెమో ఇచ్చాడు.

పాత పేరుతోనే పిలుస్తున్నారు. ఇది వివక్ష కిందికి వస్తుందా?

మొదటి వారం నోరు జారితే కాదు. సరిదిద్దాక కూడా నవ్వుతూ, అందరిముందూ, పనిగట్టుకుని అదే పిలిస్తే వస్తుంది. అలాంటి చోట ఒక మెయిల్ పెట్టండి: 'నా పేరు ఇది, ఫలానా తేదీ నుంచి దీన్నే వాడమని కోరుతున్నాను.' రెండు లైన్లు చాలు, కోపం అక్కర్లేదు. ఐడీ కార్డు, మెయిల్ ఐడీ, జట్టు జాబితా ఇవన్నీ కంపెనీ చేతిలో ఉన్నవే, వీటికి గెజిట్ అవసరం లేదు. జీతం, పీఎఫ్, టాక్స్ కాగితాలకు మాత్రం ఆధార్, పాన్ మారేదాకా పాత పేరు తప్పదు.

ఉద్యోగంలో ఉండగానే ట్రాన్సిషన్ (నా జెండర్‌కి తగ్గట్టు పేరు, రూపం, శరీరం మార్చుకోవడం) మొదలుపెట్టాలనుకుంటున్నాను. ముందు ఎవరికి చెప్పాలి?

మీకు నమ్మకమున్న ఒక్క మనిషికి, తర్వాత హెచ్‌ఆర్‌కి, ఆ తర్వాత మేనేజర్‌కి. మేనేజర్ మంచివాడైతే వరుస మార్చుకోండి. హెచ్‌ఆర్‌తో కూర్చునే ముందు మీరే ఒక పేజీ రాసుకెళ్లండి: కొత్త పేరు ఏ తేదీ నుంచి, టీమ్‌కి ఎవరు చెప్పాలి, ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు, సెలవులు సుమారుగా ఎప్పుడు. సర్జరీ సెలవు మామూలు వైద్య సెలవే, డాక్టర్ చీటీలో 'శస్త్రచికిత్స, ఇన్ని రోజుల విశ్రాంతి' అని ఉంటే చాలు, ఏ సర్జరీ అన్నది టీమ్‌కి అనవసరం. గ్రూప్ ఇన్సూరెన్స్‌లో ఏది కవర్ అవుతుందో ముందే పాలసీ కాపీ అడిగి చదవండి. టీమ్‌కి చెప్పే రోజున మీరు ఆ గదిలో ఉండాలా వద్దా అన్నది మీ ఇష్టం. చాలామంది ఆ రోజు సెలవు పెట్టి మర్నాడు వస్తారు, నాకదే బాగుందనిపిస్తుంది.

హెచ్‌ఆర్‌కి చెప్పిన విషయం ఆఫీసంతా తెలిసిపోయింది. ఇదేం పద్ధతి?

పద్ధతి కాదు. ఉద్యోగి జెండర్ గుర్తింపును గోప్యంగా ఉంచడం సంస్థ విధానంలో ఉండాల్సిన అంశమని 2020 నియమాల్లోనే ఉంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఎవరికి ఎప్పుడు చెప్పారో, ఎవరి నోటి నుంచి మీకు తిరిగొచ్చిందో రాసి ఫిర్యాదు చేయండి.

ఒకే పనికి నాకు జీతం తక్కువ ఇస్తున్నారు.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో ఒకే పనికి జెండర్ కారణంగా జీతంలో తేడా చూపకూడదని ఉంది. మగ, ఆడ అని కాకుండా 'జెండర్' అనే మాట వాడటం మనకు కలిసొచ్చింది. పక్కవాళ్ల జీతం తెలుసుకోవడమే అసలు కష్టం.

ఉద్యోగం ఇచ్చారు కానీ ఇల్లు దొరకట్లేదు. ఇది ఆఫీసుకి చెప్పొచ్చా?

చెప్పండి. 2017లో కొచ్చి మెట్రో 23 మంది ట్రాన్స్ వ్యక్తులకు ఉద్యోగాలిచ్చి పేరు తెచ్చుకుంది. కొన్నాళ్లకే వాళ్లలో కొందరు మానేశారు, పని నచ్చక కాదు, ఎవరూ ఇల్లు అద్దెకివ్వక లాడ్జీలకు జీతమంతా పోయి. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక పరిచయ పత్రం, హెచ్‌ఆర్ నుంచి ఇంటి ఓనర్‌కి ఒక ఫోన్, మొదటి రెండు నెలలు గెస్ట్‌హౌస్. ఇవి చేయగలిగిన పనులే.

## గొడవ మొదలయ్యాక

ఫిర్యాదు ఎవరికివ్వాలి? ఎన్ని రోజుల్లో తేలుస్తారు?

సంస్థలోని కంప్లైంట్ ఆఫీసర్‌కి. నియమాల ప్రకారం ఫిర్యాదు అందిన 15 రోజుల్లో విచారణ, నివేదిక ఇచ్చిన 15 రోజుల్లో సంస్థ అధిపతి చర్య. చేత్తో ఇస్తే ముట్టినట్టు సంతకం తీసుకోండి, లేకపోతే మెయిల్. ఫిర్యాదులో మీ జీవిత చరిత్ర రాయొద్దు. తేదీ, చోటు, ఎవరు, ఏమన్నారు, ఎవరు విన్నారు, మీకేం కావాలి. ఇంతే. 'మీకేం కావాలి' అన్నది చాలామంది మర్చిపోతారు, అప్పుడు వాళ్లు సారీ చెప్పించి ఫైలు మూసేస్తారు.

మా ఆఫీసులో అలాంటి ఆఫీసరే లేరన్నారు.

అది రాసివ్వమనండి. నియమాలు వచ్చిన 30 రోజుల్లో నియమించాల్సింది, అంటే 2020లోనే. అధికారి లేకపోవడమే చట్ట ఉల్లంఘన, జేన్ కౌశిక్ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టిన వాటిలో ఇదొకటి. ఫిర్యాదును సంస్థ అధిపతి పేరు మీద పంపి, 'సెక్షన్ 11 ప్రకారం అధికారిని నియమించలేదు కాబట్టి మీకే పంపుతున్నాను' అని మొదటి లైనులో రాయండి.

లైంగిక వేధింపు జరిగితే పాష్ కమిటీ తీసుకుంటుందా?

పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టాన్నే పొట్టిగా పాష్ అంటారు, అది 'బాధిత మహిళ' అనే అంటుంది. ట్రాన్స్ మహిళ మహిళే అని వాదించి ఫిర్యాదు ఇవ్వండి, గుర్తింపు పత్రాల్లో స్త్రీ అని ఉంటే కాదనడానికి వాళ్లకు కారణం లేదు. ట్రాన్స్ పురుషులకు, స్త్రీగా గుర్తించుకోని మిగతావాళ్లకు ఆ చట్టంలో చోటు స్పష్టంగా లేదు, అది లోటే. కొన్ని కంపెనీలు తమ పాలసీలో జెండర్‌తో సంబంధం లేకుండా ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చని రాసుకున్నాయి, మీ దగ్గర ఎలా ఉందో చూడండి. కమిటీ కాదన్నంత మాత్రాన కంప్లైంట్ ఆఫీసర్ దారి మూసుకుపోదు.

పోలీసుల దగ్గరికి వెళ్లొచ్చా?

కొట్టినా, బెదిరించినా, లైంగికంగా వేధించినా వెళ్లొచ్చు. 2019 చట్టం సెక్షన్ 18 శారీరక, లైంగిక, మాటలతో, మానసిక, ఆర్థిక హింసకు ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, జరిమానా అని పెట్టింది. నేరాల చట్టమైన భారతీయ న్యాయ సంహితలో జెండర్ అన్న మాటలోనే ట్రాన్స్‌జెండర్ ఉంది. అయితే ఒక విషయం దాచకుండా చెప్పాలి: ఉద్యోగం ఇవ్వలేదు, ప్రమోషన్ ఆపారు అన్నదానికి నేరుగా శిక్ష ఏదీ ఆ సెక్షన్‌లో రాయలేదు. 'చూపకూడదు' అని ఒక సెక్షన్‌లో అని, 'చూపితే ఏమవుతుంది' అని ఇంకో సెక్షన్‌లో అనకుండా వదిలేశారు. స్టేషన్‌లో 'ఇది మా పని కాదు' అని పంపేస్తే ఆశ్చర్యపోవద్దు, దానికి వేరే దారులున్నాయి: మానవ హక్కుల కమిషన్, లేబర్ ఆఫీసు, హైకోర్టు.

రాజీనామా చేయమని బలవంతం చేస్తున్నారు. రాసిచ్చేయాలా?

వెంటనే రాయొద్దు. 'వ్యక్తిగత కారణాలతో' అని మీ సంతకంతో కాగితం వెళ్లిందంటే తర్వాత అంతా మీరే నిరూపించుకోవాలి. ఒక రోజు టైం అడగండి. గదిలోంచి బయటికొచ్చి, 'ఈరోజు ఫలానా వారు నన్ను రాజీనామా చేయమన్నారు, నాకు ఇష్టం లేదు' అని అదే రోజు మెయిల్ పెట్టండి, కాపీ మీ సొంత మెయిల్‌కి కూడా. ఆఫీసు మెయిల్ ఒక్కటే నమ్ముకుంటే, తీసేసిన గంటలో అది మూసేస్తారు.

లాయర్‌కి డబ్బు లేదు.

15100కి ఫోన్ చేయండి, అది న్యాయ సేవల హెల్ప్‌లైన్. ప్రతి జిల్లా కోర్టులోనూ వాళ్ల ఆఫీసు ఉంటుంది. మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదుకు ఫీజు లేదు, కానీ ఘటన జరిగిన ఏడాదిలోపు ఇవ్వాలి. ప్రభుత్వ సంస్థ మీద అయితే హైకోర్టులో రిట్, అంటే హక్కుల ఉల్లంఘన మీద నేరుగా వేసే పిటిషన్, వేయొచ్చు, ప్రైవేటు మీద రిట్ కొంచెం చుట్టు దారి.

## యజమానులు, తోటి ఉద్యోగులు అడిగేవి

మా దగ్గర ట్రాన్స్ ఉద్యోగులే లేరు. పాలసీ ఎందుకు?

లేరని మీకెలా తెలుసు? చెప్పలేదేమో. పైగా ఎవరో వచ్చాకే విధానం రాయాలని చట్టంలో లేదు. మీరు రాసుకోలేదు కాబట్టి బాధ్యత లేదని కూడా అనుకోవద్దు. సంస్థకు సొంత విధానం లేకపోతే, కేంద్రం తెచ్చే విధానమే అక్కడ వర్తిస్తుందని జేన్ కౌశిక్ కేసులో 2025 సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

కస్టమర్లు ఇబ్బంది పడతారేమో?

ఉస్మానియా ఆసుపత్రిలో 2022లో ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు చేరారు. రోగులు నాడి చూపించుకుని మందులు రాయించుకుని వెళ్తున్నారు. 2024 డిసెంబర్‌లో హైదరాబాద్ ట్రాఫిక్‌లోకి 39 మంది ట్రాన్స్ వ్యక్తులను అసిస్టెంట్లుగా తీసుకున్నారు. అదే తెలంగాణలో, ట్రాన్స్ వాళ్ల పేర్లు రిజిస్టర్‌లో రాసి, వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చనే నిజాం కాలం నాటి చట్టం 2023 జూలైలో హైకోర్టు కొట్టేసేదాకా పుస్తకాల్లో ఉంది. కస్టమర్లు అలవాటుపడతారు. ఇబ్బంది చాలాసార్లు మేనేజర్‌ది, పేరు మాత్రం కస్టమర్‌ది.

పొరపాటున తప్పుగా పిలిస్తే కేసు పెడతారా?

పెట్టరు. సారీ అని సరిదిద్దుకుని ముందుకెళ్లండి. పది నిమిషాలు క్షమాపణ చెబితే అవతలి మనిషి మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది, అది ఇంకా నరకం.

## మార్పు కోసం అడిగేవాళ్లు

చట్టం ఉంది, తీర్పులున్నాయి. ఇంకా ఉద్యమం ఎందుకు?

2015 ఏప్రిల్ 24న డీఎంకే ఎంపీ తిరుచ్చి శివ పెట్టిన ప్రైవేటు బిల్లును (ప్రభుత్వం కాకుండా ఒక సభ్యుడు సొంతంగా పెట్టే బిల్లు) రాజ్యసభ ఆమోదించింది. 45 ఏళ్ల తర్వాత రాజ్యసభ ఆమోదించిన మొదటి ప్రైవేటు బిల్లు అది. అందులో ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఉంది, కమిషన్లు ఉన్నాయి, ప్రత్యేక కోర్టులున్నాయి. లోక్‌సభకి వచ్చేసరికి అది పోయి, ప్రభుత్వం సొంత బిల్లు తెచ్చింది, 2019 నాటికి ఈ చట్టం మిగిలింది. 2011 జనాభా లెక్కల్లో 'ఇతరులు' అని నమోదైనవాళ్లు దేశంలో 4.88 లక్షలు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43 వేల పైచిలుకు. అసలు సంఖ్య ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది, లెక్క రాసేవాళ్లకి ఇంట్లో ఎవరు చెబుతారు? ఇప్పుడు అడిగేవి మూడు: వివక్షకు శిక్ష, అడ్డం రిజర్వేషన్, ప్రతి ఆఫీసులో నిజంగా పనిచేసే కంప్లైంట్ ఆఫీసర్. మొదటి రెండింటికి చట్టం మారాలి. మూడోదానికి ఉన్న చట్టం చాలు, అడిగేవాళ్లు కావాలి.

నేను ట్రాన్స్ కాదు. నేనేం చేయగలను?

మీ హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్: 'సెక్షన్ 11 కింద మన కంప్లైంట్ ఆఫీసర్ ఎవరు? సమాన అవకాశాల విధానం ఎక్కడ చూడొచ్చు?' ఇది ట్రాన్స్ ఉద్యోగి అడిగితే ఆ మనిషి బయటపడిపోతుంది, మీరడిగితే మీకేం కాదు. ఒక మిత్రుడు అలాగే అడిగాడు, మూడు వారాలు జవాబు లేదు, రెండోసారి అడిగాక క్యాంటీన్ పక్కన నోటీసు బోర్డులో ఒక పేరు, ఫోన్ నంబర్ అంటించారు.